జేగంట, ఉగ్గుగిన్నె

కంచు వస్తువు ఏది కనిపించినా గోటితో ఒకసారి కొట్టి చూడటం నాకు చిన్నప్పటి అలవాటు. దానివల్ల నాకు మేలు జరిగిన సందర్భాలు తక్కువ. కాపురానికి వెళ్లిన మొదటి రోజే అత్తగారు మంచినీళ్లిచ్చిన చెంబును అలా కొట్టి చూసి, తగరం కాస్త తక్కువ పడినట్టుందని నోరు జారాను. అది ఆవిడ పుట్టింటివాళ్లు పెట్టిన చెంబు. ఆ తర్వాత నేను చేసిన మంచిపనులన్నీ కలిసినా ఆ ఒక్క మాటను మాపలేకపోయాయి.

మా నాన్న కంచరి. గోదావరి పక్కన మా ఊళ్లో ఒకప్పుడు ఇంటికో కొలిమి ఉండేదట. నాకు ఊహ తెలిసేసరికి మా వీధిలో మూడు మిగిలాయి. గంటలు, దీపపు కుందులు, కంచాలు పోసేవారు. అచ్చుకి కావలసిన మట్టి పని అంతా ఆడవాళ్లది. చెరువు మట్టి జల్లించి, ఊక కలిపి, పేడ కలిపి, కాళ్లతో తొక్కి, చేత్తో మెదిపి, వెన్నలా అయ్యేదాకా మేం వదలకూడదు. లోహం పని మగవాళ్లది. రాగి ఎంత, తగరం ఎంత అన్న లెక్క మాత్రం ఆడపిల్ల చెవిన పడనిచ్చేవారు కాదు. రేపు పెళ్లై ఇంకో కంచరి ఇంటికి వెళ్తే సారెతో పాటు ఆ లెక్క కూడా వెళ్లిపోతుందని వాళ్ల భయం. తీరా నన్ను కంచరి ఇంటికి కాదు, ఎరువుల కొట్టు గుమాస్తాకిచ్చారు. లెక్క భద్రంగానే ఉంది, కొలిమే లేకుండా పోయింది.

అంచేత నాకు మోత విని కంచు బాగోగులు చెప్పడం వచ్చు, కంచు కలపడం రాదు. తినడం తెలిసి వండటం తెలియని మనిషి లాంటి దాన్ని. మా ఆయన పోయాక దుబాయ్ వచ్చాను. జెబెల్ అలీ ఫ్రీ జోన్‌లో ఒక గిడ్డంగిలో సామాన్లు విప్పి చూసి మళ్లీ కట్టే పని. ఉండటం కరామాలో, ఆరు మంచాలున్న గదిలో ఒక మంచం. మా నాన్న పోయినప్పుడు కూడా ఇక్కడే ఉన్నాను. సెలవు దొరికి ఊరు చేరేసరికి పదకొండో రోజు కూడా దాటిపోయింది. ఆయన ఫోటో ముందు నేను ఒక్క అగరుబత్తి కూడా వేళకి వెలిగించలేదు. ఈ సంగతి ఇక్కడే చెప్పేస్తున్నాను, ఎందుకంటే తర్వాత జరిగినదంతా దానితో ముడిపడి ఉంది.

కరోనా మొదటి ఏడాది కంపెనీ బస్సులు ఆగిపోయి, మేం ఆరుగురం గదిలో ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ కూర్చున్న రోజుల్లో నా పక్క మంచం అమ్మాయితో స్నేహం కుదిరింది. వియత్నాం పిల్ల. ముప్పై దాటి ఉంటుంది. గోళ్లకు రంగులు వేసే సెలూన్‌లో పని, అది కూడా మూతపడింది. అంతకుముందు ఏడాదిన్నరగా పక్కపక్కనే పడుకుంటున్నా పొద్దున ఒక నవ్వు, రాత్రి ఒక నవ్వు తప్ప మాకు మాటల్లేవు. ఆమె మంచం కమ్మీకి ఎర్రదారంతో అరచేతంత జేగంట ఒకటి కట్టి ఉండేది, మధ్యలో బొడిపెతో. ఏడాదిన్నర పాటు నా గోరు దురద పెడుతూనే ఉంది.

ఒక రోజు ఆమె స్నానానికి వెళ్లినప్పుడు ఆగలేక కొట్టాను. మోత వినగానే మా ఇంటి అరుగు మీద కూర్చున్నట్టు అనిపించింది. తల తుడుచుకుంటూ బయటికొచ్చిన ఆమె నన్ను చూసింది. కోప్పడలేదు. నా వేలు పట్టుకుని అంచు మీద నుంచి మధ్య బొడిపె మీదికి జరిపి, ఇక్కడ కొట్టాలన్నట్టు తలూపింది. కొట్టాను. అప్పుడు దాని అసలు గొంతు వినిపించింది.

మాకు కలిసిన భాష ఏదీ లేదు. సగం ఇంగ్లీషు, దుబాయ్‌లో అందరికీ అబ్బే హిందీ, నాలుగు అరబ్బీ ముక్కలు, మిగతాది చేతులు. ఆమె నన్ను వాళ్ల భాషలో అక్కా అని పిలిచేది. ఆ మాట మన చెవికి ఛీ అన్నట్టే వినిపిస్తుంది. ఆరు నెలలు ఛీ అనిపించుకున్నాక అదే ముద్దుగా అనిపించడం మొదలైంది. నేను చెల్లీ అనేదాన్ని.

ఆమెది కంచు పోతపోసే ఊరు. ఏటి ఒడ్డున ఉంటుందట. జేగంటలు, ధూపపాత్రలు, బుద్ధుడి గుళ్లకు పెద్ద గంటలు. వాళ్ల నాన్న జేగంటలకు శ్రుతి కట్టేవాడు, సుత్తితో లోపలి నుంచి కొడుతూ, వింటూ, కొడుతూ. ఆయనకన్నా పెద్ద చెవి ఆయన అక్కగారిదట. ఆ మేనత్త తట్టి చూసి సరే అన్నాకే గంట ఊరు దాటేది. అంత చెవి ఉన్న మేనత్తకు కూడా తగరం లెక్క ఎవరూ చెప్పలేదు. ఆడపిల్ల పరాయింటికి పోయేది కదా అన్నారట. ఆ మాట విని నేను మంచం మీద లేచి కూర్చున్నాను. మా ఇద్దరి నాన్నలూ ఒకరినొకరు చూడకుండానే ఎంత బాగా కూడబలుక్కున్నారో అని నవ్వుకున్నాం. నవ్వయ్యాక ఇద్దరికీ కాస్త మంట పుట్టింది కూడా.

ఇంకోటి కూడా కలిసింది. మా ఊళ్లో గుడిగంట పోసే రోజున ఆడవాళ్లు కొలిమి దగ్గరికొచ్చి, కాలి మట్టెనో పాత గజ్జెనో కరుగుతున్న లోహంలో వేసి దణ్ణం పెట్టుకునేవారు. ఆ గంట మోగినప్పుడల్లా అందులో మన గొంతు కూడా ఉంటుందని. వాళ్ల ఊళ్లోనూ అంతే. ఉంగరం తీసి వేస్తారట. అయితే ఒక నియమం, ఎవరూ ఎవరినీ అడగకూడదు.

ఆ ఏడాది సెప్టెంబరులో ఆమె నాన్న పోయాడు. కరోనా కాదు, పక్షవాతం. విమానాలు లేవు, వాళ్ల దేశం తలుపులు వేసుకుని కూర్చుంది. పోయే ముందు వీడియోలో మాట్లాడాడు. నోరు సగం పడిపోయినా ఒక్క కోరిక చెప్పాడట. తన పటం ముందు అంగట్లో కొన్న ధూపపాత్ర పెట్టొద్దు, మన ఇంటి కంచుతో మన ఇంటి చెయ్యి పోసినది పెట్టాలి అని. వాళ్లకు కూడా మనలాగే తిథి ప్రకారం సంవత్సరీకం. ఆ లోపల పాత్ర కావాలి. కొడుకు, అంటే ఈమె తమ్ముడు, మోటారు సైకిళ్ల ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. కొలిమి ఎప్పుడో పడగొట్టి అక్కడ మోటారు సైకిలు పెట్టుకుంటున్నాడు. బజార్లో ఒకటి కొని పెడదాం, ఎవరికి తెలుస్తుంది అన్నాడట. నాకు తెలుస్తుంది కదా అని ఈమె అంది.

ఆ తర్వాత పది నెలలు ఆమె ఈ మాటే నమిలింది. సెలూన్ తెరిచారు, మా బస్సులు తిరిగాయి, వాళ్ల దేశం మాత్రం తెరుచుకోలేదు. జూలైలో ఒక సాయంత్రం కమ్మీకి కట్టిన జేగంట విప్పి ఒళ్లో పెట్టుకుని, ఇదే కరిగిస్తానంది. మొదట నాకు ఒళ్లు మండింది. తండ్రి శ్రుతి కట్టిన వస్తువు కరిగించడమేమిటి? కానీ ఆమె లెక్క సరైనదే. తగరం పాళ్లు ఆమెకు తెలియదు, నాకు తెలియదు. ఆయన చేత్తో కలిపిన కంచు ప్రపంచంలో ఆమె దగ్గర ఉన్నది అదొక్కటే. కలపడం నేర్పని తండ్రికి అదే శిక్ష, అదే వరం.

పోత ఎక్కడ పోయాలి? మా బస్సులో ఎక్కే నెల్లూరు వైపు ముస్లిం తమ్ముడొకడు షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో ఇత్తడి తలుపు పిడులు పోసే చిన్న వర్క్‌షాపుకు మారాడు. అడిగాను. ముదీర్‌ని, అంటే అక్కడి మేనేజరుని, అడిగి చెప్తానన్నాడు. శుక్రవారం నమాజు తర్వాత ఎవరూ ఉండరు, గ్యాస్ భట్టీ వాడుకోవచ్చు, కానీ పోసేది తనే, ఆడవాళ్లు దూరంగా నిలబడాలని కబురు తెచ్చాడు. దూరంగా నిలబడటం మాకు కొత్తేమీ కాదన్నాను.

మట్టి పని మాత్రం మాది. ఆ నెలంతా నాకు పండగే. ఎడారి ఇసుక పనికిరాదు, చేతిలో పిసికితే నిలవదు. బొమ్మలు చేసేవాళ్లకు అమ్మే బంకమట్టి కొన్నాం. పేడ మొక్కల కొట్లో సంచుల్లో దొరికింది. ఊక ఎక్కడా లేదు. ఆఖరికి మా గిడ్డంగిలోనే, పింగాణీ కుండీలు వచ్చిన పెట్టెల్లో వరి ఊక కనిపించింది. చెత్తలో పారబోస్తుంటే రెండు కవర్లలో పట్టుకొచ్చాను. సూపర్‌వైజరు నన్ను వింతగా చూశాడు. కరామా ఫ్లాటు బాల్కనీలో ప్లాస్టిక్ టబ్బులో ఇద్దరం మట్టి తొక్కాం. ఆమె నీళ్లు ఎక్కువంటుంది, నేను ఊక తక్కువంటాను. ఇద్దరి పట్టుదలా ఇద్దరమ్మలు నేర్పినదే, ఎవరం తగ్గలేదు. మిగతా నలుగురు ఆడవాళ్లు బట్టలు ఆరేసుకోవడానికి చోటు లేదని గోల పెట్టారు.

మైనంతో పాత్ర ఆకారం ఆమె చేసింది. మూడు కాళ్లు, రెండు చెవులు, గుండ్రటి పొట్ట. గోళ్లు దిద్దే చిన్న పుల్లలతో అంచు మీద అలలు గీసింది. ఆ చేతులు చూస్తుంటే నాకు ఉక్రోషం వచ్చింది. ఈ చేతులు పన్నెండు గంటలు కూర్చుని ఎవరెవరి గోళ్లకో రంగులు పూస్తున్నాయి. మైనం బొమ్మ మీద మట్టి పూతలు వేశాం, పలచగా ఒకటి, ఆరాక మందంగా ఇంకోటి. అప్పుడే, ఆ మట్టి చేతులతోనే, నాకు ఆవేశం వచ్చింది. పోత రోజున నా ఉగ్గుగిన్నె వేస్తానని మాటిచ్చేశాను. ఆమె అడగలేదు, నా నోరే ఊరుకోలేదు.

ఉగ్గుగిన్నె అంటే పసిపిల్లలకు పాలు పట్టే ముక్కున్న చిన్న గిన్నె. ఉన్నవాళ్లు వెండిది చేయిస్తారు. నేను పుట్టినప్పుడు మా నాన్న కంచుతో పోశాడు. విద్య నేర్పలేదు గానీ ఆ గిన్నె మాత్రం నాకోసమే పోశాడు. దుబాయ్ వచ్చినప్పుడు చెవిదుద్దులు పెట్టుకోవడానికని పెట్టెలో వేసుకొచ్చాను. నిజానికి నాకున్న దుద్దులు ఒక్క జతే, అవి ఎప్పుడూ చెవులకే ఉంటాయి.

అసలు తప్పు అచ్చు దగ్గర జరిగింది, దాన్ని మా ఇద్దరి మీదా సమానంగా వేయాలి. మట్టి అచ్చును నిప్పులో పెట్టి మైనం కరిగించి తీసేస్తారు. ఆ తర్వాత ఎర్రగా కాల్చి, వేడిగా ఉండగానే లోహం పోస్తారు. మా ఊళ్లోనూ అంతే, వాళ్ల ఊళ్లోనూ అంతే. కానీ అది ఆగస్టు నెల. మా ఫ్లాటు మేడ మీద రేకు మీద అచ్చు బోర్లించి పెట్టి, మధ్యాహ్నం వెళ్లి చూస్తే మైనమంతా దానంతటదే కారిపోయి కిందపెట్టిన పళ్లెంలో ఉంది. ఇద్దరం కేరింతలు కొట్టాం. మా అమ్మలు ఊదుడు గొట్టాలతో కళ్లు పోగొట్టుకుని చేసిన పని ఇక్కడి సూర్యుడు ఊరికే చేసి పెట్టాడు. ఇంకో వారం అక్కడే ఉంచాం. ఆరిందో లేదో చెంపకు ఆనించి చూడాలని మా అమ్మ నేర్పింది, వాళ్లమ్మా అదే నేర్పిందట. ఆనించాం. చెంప కాలింది. ఈ ఎండ చాలు, ఇంక కాల్చే పనేముందని ఇద్దరం తీర్మానించుకున్నాం.

సముద్రం పక్కన ఊళ్లో ఆగస్టు గాలి ఎంత తడిగా ఉంటుందో మాకు తెలియదా? సాయంత్రం గది తలుపు తీస్తే కళ్లద్దాల మీద ఆవిరి పడుతుంది. పగలు ఎండ పీల్చిన తడిని సాయంత్రం గాలి తిరిగి ఇస్తూ పోయింది. ఆ చెంప కాల్చిన వేడి పైపైదే. తరాల పాటు మట్టి తొక్కిన రెండు ఇళ్ల ఆడపిల్లలం, దుబాయ్ ఎండను చూసి మురిసిపోయి మోసపోయాం.

రెండో తప్పు నా ఒక్కదానిది. పోతకు ముందు గురువారం సాయంత్రం ఉగ్గుగిన్నెను ముక్కలు చేద్దామని సుత్తి తెచ్చుకుని మంచం మీద కూర్చున్నాను. ముందు అలవాటు కొద్దీ గోటితో కొట్టాను. కొట్టకుండా ఉండాల్సింది. ఆ మోత విన్నాక సుత్తి ఎత్తలేకపోయాను. ఆమెకు తండ్రి కోరిక తీర్చడం ముఖ్యం, నాకు మా నాన్నది మిగిలింది ఇదొక్కటే అని నాకు నేనే వకాల్తా పుచ్చుకున్నాను. గిడ్డంగిలో కోసి పారేసిన కేబుల్ తీగలుంటాయి. వాటిలోంచి రాగి ముక్కలు పిడికెడు ఒలిచి కాగితంలో పొట్లం కట్టాను.

శుక్రవారం వర్క్‌షాపులో ముగ్గురమే ఉన్నాం, ముగ్గురికీ మాస్కులు. భట్టీ గర్జిస్తోంది. ఆమె జేగంటను దారంతో పట్టుకుని మధ్య బొడిపె మీద ఒకసారి కొట్టింది. మోత పూర్తిగా చచ్చేదాకా ఆగి, పట్టకారుతో లోహం కరిగే కుండలోకి దించమని తమ్ముడికిచ్చింది. అది మెల్లగా కుంగింది. తన వంతు ఏం వేస్తావని నేను తమ్ముణ్ణి ఆటపట్టించాను. నా దగ్గర యాముందక్కా, చెమట తప్ప అన్నాడు. అందరం నవ్వాం. ఆ నవ్వులో నా పొట్లం పడేశాను, ముక్కలు చేసి తెచ్చానని చెప్పి.

కుండ మీద ఒక్క క్షణం ఆకుపచ్చ మంట లేచింది. ప్లాస్టిక్ కాలిన వాసన వచ్చింది. ఏదో తీగకు తొడుగు ముక్క అంటుకుని ఉండిపోయింది. నేను వాళ్ల మొహాలు చూశాను. తమ్ముడు గ్యాస్ పిడి తిప్పుతున్నాడు. ఆమె కళ్లు కుండ మీదే ఉన్నాయి. మాస్కులున్నాయి కదా, వాసన తెలిసి ఉండదని ధైర్యం చెప్పుకున్నాను. తేలు కుట్టిన దొంగలా కిక్కురుమనకుండా నిలబడ్డాను.

లోహం అచ్చులోకి వెళ్లింది. రెండు క్షణాలు బాగానే ఉంది. తర్వాత లోపల నుంచి గుటగుటమని చప్పుడు వచ్చి, పోసిన నోట్లోంచే లోహం పైకి చిమ్మింది. తమ్ముడు వెనక్కి గెంతాడు. ఒక చుక్క అతని బూటు మీద పడి తోలు కాల్చింది.

"ఖలాస్ అక్కా," అన్నాడు, "ఇంక దాన్ని ముట్టుకోబాకండి. మట్టిలో తడి ఉండాది."

చల్లారాక పగలగొడితే పాత్ర లేదు, జల్లెడ ఉంది. పొట్టంతా చిల్లులు, ఒక కాలే రాలేదు. ఆమె ఆ ముక్కను ఒళ్లో పెట్టుకుని నేల మీద కూర్చుంది. ఏడవలేదు. ఎండ మోసం చేసిందని మాత్రం అంది. నేను అవునన్నాను. కారణం తడే, నా రాగి కాదు. అది నాకు తెలుసు, ఏ కంచరి అయినా చెప్తాడు. అయినా కొలిమి ముందు అబద్ధమాడితే లోహం నిలవదని మా నాయనమ్మ అనేది. పెద్దవాళ్లు పిల్లల్ని బెదిరించడానికి చెప్పే మాట అనుకున్నాను. ఆ రోజు బస్సులో కరామా దాకా ఆ మాటే నా పక్క సీట్లో కూర్చుని వచ్చింది.

సంవత్సరీకానికి ముప్పై ఎనిమిది రోజులు మిగిలాయి. పార్సిలు వాళ్ల ఊరు చేరడానికే రెండు వారాల పైన పడుతుంది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు మళ్లీ మట్టి తొక్కాం. ఆమె మైనంతో పాత్ర మళ్లీ చేసి, అంచు మీద అలలు మళ్లీ గీసింది. ఈసారి ఎవరం వాదించుకోలేదు. ఆమె నీళ్లు తగ్గించింది, నేను ఊక తగ్గించాను. తమ్ముడు ముదీర్ కాళ్లు పట్టుకుని ఒక శుక్రవారం పొద్దుటి నుంచి భట్టీ ఇప్పించాడు. నాలుగు గంటలు కాల్చితే అచ్చు దానిమ్మ పువ్వులా ఎర్రబడింది.

కానీ లోహం తగ్గింది. కరిగించిన ప్రతిసారీ కొంత మడ్డి అవుతుంది, చిమ్మినదాంట్లో కొంత నేలపాలైంది. ఆమె ఆ చిల్లుల ముక్కను అరచేతిలో అటూ ఇటూ ఊపి, అంచు దాకా రాదు అంది. తమ్ముడు కూడా చూసి అదే చెప్పాడు. పిడుల ఇత్తడి తుక్కు గుప్పెడు వేస్తే సరిపోతుంది, నున్నగా దిద్దాక ఎవరికి తెలుస్తుందన్నాడు. పాపం, సాయం చేద్దామనే అన్నాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. ఇదే మాట ఊళ్లో ఆమె సొంత తమ్ముడూ అన్నాడు. అంచు లేకపోయినా పర్లేదు, ఎంత వస్తే అంతే పోయమంది. అంచు మీద ఆమె గీసిన అలలుంటాయి. అవి రావన్నమాట.

ఆమె నా వైపు చూడలేదు. చూసి ఉంటే బహుశా నేను మళ్లీ ఏదో సాకు చెప్పేదాన్ని. షార్జా అంతా కంచుకాగడా పెట్టి వెతికినా అలాంటి కంచు దొరకదు. అది నా చేతి సంచిలో ఉంది. ఆ పొద్దున ఎందుకో పెట్టెలోంచి తీసి సంచిలో వేసుకున్నాను. వెయ్యాలనే తెచ్చానని గొప్ప చెప్పుకోను. తేకుండా ఉండలేకపోయాను, అంతే.

గిన్నె బయటికి తీశాను. ముక్కలు కాలేదు, ముక్కు కూడా వంగలేదు. గోటితో ఒకసారి కొట్టాను. భట్టీ గర్జనలో అది సరిగా వినిపించలేదు, నాకు తెలిసిన మోత కాబట్టి విన్నాననుకున్నాను. పట్టకారుతో నేనే దించాను. తమ్ముడు దూరంగా ఉండమనడం మరిచిపోయాడు. ముందు ముక్కు కరిగింది, తర్వాత పొట్ట. ఈసారి ఆకుపచ్చ మంట లేదు. మా నాన్నకు నేను చేయని దహనం ఇదేనేమోనని అనిపించి, మాస్కు వెనక ఏడ్చాను. కన్నీళ్లు కనిపించినా చెమట అనుకుంటారులే అనుకున్నాను.

పోత నిలబడింది. అంచు దాకా వచ్చింది. అలలు కూడా వచ్చాయి, ఒక్కచోట వేలిముద్రంత మడత పడింది. దాన్ని అరగదీయొద్దని ఆమే అంది. నెయిల్ సెలూన్ నుంచి తెచ్చిన ఆకురాళ్లతో, ఆ సన్నటి పలకలతో, వారం రోజులు పని నుంచి వచ్చాక కూర్చుని దిద్దింది. ఆఖరి రోజు ఇద్దరం చెరో పక్క కొట్టి చూశాం. జేగంట గొంతు కాదు. ఉగ్గుగిన్నె గొంతు కూడా కాదు. కొత్తది, కొంచెం మందంగా, చివర్న సన్నగా సాగేది. బాగుందో లేదో చెప్పడానికి నాకు చెవి చాలలేదు. ఇది మా అత్త చెప్పాలి అని ఆమె అంది.

కట్టడం నా పని. మిగిలిన ఊక పెట్టెలో పోసి, పాత్రను గుడ్డలో చుట్టి మధ్యలో కూర్చోబెట్టాను. ఎన్నో వేల పెట్టెలు కట్టాను గానీ, ఒక పెట్టె మూత వేయడానికి చేతులు రాకపోవడం అదే మొదలు. రెండో పోతలో గిన్నె వేయడం ఆమె చూసింది గానీ, మొదటి పొట్లం మాట ఇద్దరం ఎత్తలేదు. టేపు చింపుతూ అదీ చెప్పేశాను. మొదటిసారి పొట్లంలో ఉన్నది నా గిన్నె కాదు, కేబుల్ రాగి అని. ఇంగ్లీషులో సగం, చేతులతో సగం. తల ఎత్తలేదు.

"తెలుసు," అంది ఆమె. "ఆకుపచ్చ మంట చూశాను."

"మరి అడగలేదేం?"

"అడిగితే వేసేదానివి అక్కా. అడిగి వేయించుకున్నది మా ఊళ్లో లోహంలో కలవదంటారు."

అంటే మూడు వారాలు ఆమెకు అంతా తెలుసు. తెలిసీ నాతో మట్టి తొక్కింది, నాతో టీ తాగింది. అంచు లేని పాత్ర పంపడానికి సిద్ధపడింది గానీ నా సంచి వైపు కన్నెత్తి చూడలేదు. నాకు సిగ్గేసింది. ఆ సిగ్గు ఇప్పటికీ పూర్తిగా పోలేదు, పోవాలని కూడా నేను కోరుకోవడం లేదు.

పెట్టె రెండు రోజుల ముందు చేరింది. సంవత్సరీకం రోజు సెలూన్ వాళ్లు పొద్దున రెండు గంటలు సెలవిచ్చారు, నేను డ్యూటీ మార్చుకున్నాను. మంచం మీద ఫోను నిలబెట్టుకుని ఇద్దరం కూర్చున్నాం. తెర మీద వాళ్ల నాన్న పటం, పళ్లు, పూలు, మధ్యలో మా పాత్ర, మడత ఉన్న వైపు ముందుకి. కర్ర ఊతంగా ఒక ముసలావిడ వచ్చింది. ఆవిడే మేనత్త. అగరుబత్తీలు నిలబడటానికి పాత్రలో బూడిద పోయబోతూ చెల్లి తమ్ముడు చెయ్యెత్తితే ఆవిడ ఆపింది. ఒంగి, గోటితో పాత్రను తట్టి, చెవి దగ్గర పెట్టుకుని కళ్లు మూసుకుంది. ఫోనులో మాకు ఆ మోత వినిపించలేదు.

చాలాసేపు విన్నాక ఆవిడ ఏదో అంది. నా పక్కన ఉన్న పిల్ల నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఏమంటోందని అడిగాను.

"ఇందులో ఉన్నది మా నాన్న ఒక్కడే కాదు, ఇంకొకడెవరో కూడా ఉన్నాడంటోంది."

ఆమె ఫోనులోకి వంగి మెల్లగా జవాబు చెప్పింది. అందులో నాకు తెలిసిన మాట ఒక్కటే, అక్క అన్నది. ముసలావిడ తెరలోంచి నన్ను చూసింది. తర్వాత తన మనవరాలికేదో పురమాయించి, బూడిద పోయించి, ముందు మూడు అగరుబత్తీలు గుచ్చింది. ఆగి, విడిగా ఇంకోటి వెలిగించి పక్కన గుచ్చింది. అది ఎవరికో నేను అడగలేదు.